శుక్రవారము బయలుదేరిన కుమారుడు

మీ గ్రామములలోను నేడు ఒక్క బిడ్డయైన దూరదేశమున లేని వీధి అరుదు. కావున మా యూరి ముచ్చట యొకటి మనవిచేసెదను.

గడచిన మాఘమాసమున, ఒక శనివారము తెల్లవారుజామున 5 గంటలకు, మా గ్రామమున ఒక వృద్ధుడు కాలధర్మము నొందెను. ఆయన యేకపుత్రుడు నాయొద్ద చదువుకొన్నవాడు; శాన్ ఫ్రాన్సిస్కో నగరమున నుద్యోగము. కబురందినంతనే విమానపు టిక్కెట్టు కొని, దాని ప్రతిని ఫోనులో పంపెను. అది చూచిన పెద్దలొకరు, "పంతులుగారూ, తండ్రి పోయినది శనివారము. కొడుకు శుక్రవారము రాత్రి ఎనిమిదిన్నరకు బయలుదేరుచున్నాడట! ఇదెక్కడి విడ్డూరము?" అనిరి. మరియొకరు, "విమానము గంటకు 900 కిలోమీటర్లు పోవును గదా. ఈ సాయంకాలమునకు రాకున్న వానికి మనసు లేదనియే యర్థము. దాయాదిచేత తలకొరివి పెట్టింపుడు" అనిరి. ఆ మాట లోపల కూర్చున్న తల్లి వినెను. నాకు ఊరకుండ మనసొప్పలేదు.

బడిలో వాడిన గోళము నా యింట నేటికిని గలదు. దానిని తెప్పించి అరుగుమీద బెట్టి, శాన్ ఫ్రాన్సిస్కోనుండి ఢిల్లీకి ఒక దారము బిగించి చూపితిని. గోడపటమున సముద్రమున కడ్డముగా తోచు దారి, గోళముమీద ఉత్తరమున కెక్కి, అలాస్కా దాటి, ధ్రువప్రాంతపు మంచుమీదుగా సైబీరియాకు దిగి మన దేశము చేరును. అంతకన్న దగ్గర దారి లేదు. అదియే సుమారు 12,400 కిలోమీటర్లు. కాని విమానము దారము వెంట పోదు. గాలివాటమును, ఏయే దేశములు తమ యాకాశమున పోనిచ్చునో దానిని చూచుకొనవలెను. కావున ఇంచుమించు 16 గంటలు, అనగా 40 గడియలు పట్టును.

గాలి సామాన్యమైనది కాదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియావారు ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు, అట్లాంటిక్ దారి మాని, పసిఫిక్ మహాసముద్రము మీదుగా పోయిరి. ఆ దారి 15,300 కిలోమీటర్లు, పాతదానికన్న హెచ్చు. అయినను పడమటిగాలి వెనుకనుండి త్రోయుటచే 14½ గంటలకే చేరిరి.

ఇక శుక్రవారపు చిక్కు. లంకలో సూర్యోదయమగునపుడు సిద్ధపురమున అస్తమయమని ఆర్యభటుడు గోళపాదమున చెప్పెను. బాల్యమున గురువుగారియొద్ద వల్లించితినే గాని, దానిని ఒక శవము ముందర కూర్చుండి లెక్కింపవలసివచ్చునని యెరుగను. చలికాలమున శాన్ ఫ్రాన్సిస్కో గడియారము మనకన్న 13½ గంటలు వెనుక. మన శనివారపు వేకువ 5 గంటలు వారికి శుక్రవారము మధ్యాహ్నము మూడున్నర. వారి రాత్రి ఎనిమిదిన్నర మనకు శనివారము పగలు 10 గంటలు. దానికి 16 గంటలు కలిపిన, ఢిల్లీ చేరునప్పటికి ఆదివారము తెల్లవారుజాము 2 గంటలు. అచ్చటినుండి హైదరాబాదునకు విమానము 2 గంటలు. ఆపై మా యూరికి కారుదారి 4 గంటలు. నడుమ కాచుకొనుట వేరు.

"తండ్రి పోయిన 5 గంటలకే విమానమెక్కినవాడు ఇంకెట్లు తొందరపడవలెను?" అని యడిగితిని. ఎవరును మారాడలేదు. పట్టణమునుండి ఐసుపెట్టె తెప్పించిరి.

ఆదివారము మధ్యాహ్నము ఒంటిగంట దాటిన పిమ్మట కారు వచ్చెను. అతడు దిగి, అరుగుమీది గోళమువంక ఒక్కసారి చూచి, "మాస్టారూ, ఈ దినము ఏ వారము?" అనెను. ఆదివారమని చెప్పి, చేయి పట్టుకొని తల్లియొద్దకు తీసికొనిపోయితిని.