రాగిరేకుపై బొమ్మల పాఠం

కరీంనగర్‌లో వెండి తీగను మెలితిప్పి ఫిలిగ్రీ చేసే చేతులను చూసినవారికి రాగిరేకుపై బొమ్మ గీసే పనిలోని ఓపిక కూడా ఇట్టే అర్థమవుతుంది. రాగిరేకును పదునైన సూదితో నేరుగా గీరి బొమ్మ వేసి, అచ్చు తీయడమే డ్రైపాయింట్. యాసిడ్ వాడరు. గీరినచోట లోహం గరుకుగా పైకి లేస్తుంది. సిరా ఆ గరుకును కూడా పట్టుకుంటుంది కాబట్టి కాగితం మీద గీత మెత్తగా, కాస్త మసకగా పడుతుంది. ప్రెస్సు ఒత్తిడికి ఆ గరుకు అణగిపోతుంది. అందుకే మంచి ప్రతులు కొన్నే వస్తాయి.

ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో 1889 ప్రాంతంలో ‘బొమ్మల పాఠం’ అనే అచ్చును ఇలాగే చేసింది. అందులో ఉన్నది తానూ, 1878లో పుట్టిన కూతురు జూలీ. తల్లి బొమ్మ గీస్తుంటే పిల్ల పక్కనే ఉంటుంది. గీతలు కొన్నే. అయినా నేర్చుకునే పిల్ల ధ్యాసను అవి ఎంత చక్కగా పట్టాయో! రేకు మీద గీసింది చెరపడం కష్టం, చేయి తడబడకూడదు.

ఇక మన దగ్గర, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బరోడాలో అచ్చుకళ నేర్చుకున్నారు. యాసిడ్‌తో చేసే ఎచింగ్‌లో పల్లె మనుషులను, మేకలను చెక్కారు. ఆయన అచ్చులు ప్రదర్శనకు వస్తే పిల్లలను తీసుకెళ్లండి. దగ్గర నిలబెట్టి ఒక్కో గీతనూ చూడనివ్వండి.