బీపీ నార్మల్ వచ్చింది కదా, ఇక టాబ్లెట్ ఎందుకు?

ఈరోజు టాపిక్ బీపీ. "నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగట్లేదు, నాకెందుకుంటుంది బీపీ?" అంటారు చాలామంది. చిక్కంతా అక్కడే ఉంది. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. లోపల మాత్రం గుండె, మెదడు, కిడ్నీలు దెబ్బతింటూనే ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ రాలేదంటే బగ్ లేదని కాదు.

మరి ఇంట్లో ఎలా చూసుకోవాలి? టీ, కాఫీ, సిగరెట్ తర్వాత కనీసం 30 నిమిషాలు ఆగండి. వీపు ఆనించి, పాదాలు నేలకి పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఒక్కసారి ఎక్కువొస్తే కంగారొద్దు. వేర్వేరు రోజుల్లో 135/85 దాటుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక టీస్పూన్ కూడా నిండదు. ఆవకాయ, అప్పడం, చిప్స్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మా నాన్న ఒకరోజు, "నార్మల్ వచ్చిందిరా, ఇక మానేస్తా" అన్నారు. "నాన్నా, టాబ్లెట్ వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది" అన్నాను. డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే టైమ్.

ఈ ఆదివారం అమ్మానాన్నల బీపీ చూడండి. పనిలో పనిగా మీది కూడా!