ఆటస్థలం గేటు దగ్గర రసీదు పుస్తకం



ఏలూరు 2005లో కార్పొరేషనయింది. తాడేపల్లిగూడెం మున్సిపాలిటీ. పార్కులు, ఆటస్థలాలు పురపాలక పనేనని రాజ్యాంగం 12వ షెడ్యూల్లో ఉంది. రుసుమెంతో తేల్చేది కౌన్సిల్. అది లేనప్పుడు ప్రత్యేకాధికారి. 74వ సవరణ (1992) కౌన్సిల్లో మనకూ సీట్లిచ్చింది. ఆ సీట్లో కూర్చుని, అజెండా చదవకుండా చెయ్యెత్తితే ఎవరిననాలి?

మహద్ చెరువును మున్సిపాలిటీ 1924లోనే కాగితం మీద తెరిచింది. 1927లో అంబేడ్కర్ జనంతో కదిలేదాకా మనవాళ్లెవరూ నీళ్లు ముట్టలేదు. ఇప్పుడు కాగితం మీద అందరిదీ, గేటు దగ్గర డబ్బున్నోడిది!

కొల్లేటి చేపల చెరువుల్లో కూలికెళ్లే తల్లి, పిల్లాడి ఆటకు నెలనెలా ఫీజు కడుతుందా? నిర్వహణ ఖర్చంటారు. సరే, లెక్క చూపించమందాం. సమాచార హక్కు చట్టం (2005) కింద దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు దరఖాస్తు రుసుము లేదు. తీర్మానం నకలు, ఖర్చు లెక్క రెండూ అడుగుదాం. పేటకొకరు రేపే దరఖాస్తు రాయండి.