చెట్టు పడినా నేల మనదని రాసుకుందాం

 

ఈవేళ మనం హరిశ్చంద్రపురంలో కలుసుకున్నాం. ఇక్కడ రైలెక్కితే కోటబొమ్మాళి, నౌపడ, పూండి దాటి పలాసలో దిగుతాం. ఆ దారికి తూర్పున ఉద్దానం, దాని అంచున సముద్రం. టెక్కలి మీంచి పైకి పోతే మెళియాపుట్టి కొండలు. మందస వైపు తిరిగితే ఎదురుగా మహేంద్రగిరి. మనలో చాలామందిమి ఆ కొండల్లోని సవర, జాతాపు పల్లెల వాళ్లం. ఉద్దానం నుంచి, తీరం నుంచి వచ్చిన స్నేహితులూ ఉన్నారు. అందుకే కొండ సంగతీ తీరం సంగతీ కలిపి మాట్లాడుకుందాం.

కొండమీద మనం చోళ్లు, సామలు, కందులు పండిస్తాం. కందికొత్తల పండగ చెయ్యనిదే కొత్త కంది నోట పెట్టం. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు సంతకు దించుతాం. కానీ చేతిలో నాలుగు డబ్బులు ఆడేది జీడితోట వల్లే. ఎండలు ముదిరి పిక్కలు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటాం. ఆ పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన పలాస చేరతాయి. అక్కడి ఫ్యాక్టరీల్లో ఉద్దానం ఆడవాళ్లు పిక్క కొట్టి పప్పు తీస్తారు. తొక్కలోని జీడి వాళ్ల చేతుల్ని కాలుస్తుంది. మనం ఏరిన పిక్క వాళ్ల చేతుల మీదుగానే ఊళ్లకు పోతుంది. కొండ కూలితే తీరానికీ పని ఉండదు.

ఆ సంగతి 2018 అక్టోబరు 11న అందరికీ తెలిసింది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 వరకు వీచింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టుకొచ్చిన గాలి ఉద్దానంలో కొబ్బరిని, జీడిని, పనసను వేళ్లతో సహా పెకలించింది. తీరంలోనే ఆగలేదు, కొండలూ ఎక్కింది. మన పక్కనున్న గజపతి జిల్లాలోని బరఘర దగ్గర, వానకు భయపడి గుహలో తలదాచుకున్న ఆదివాసీల మీద కొండచరియ విరిగిపడింది. పిల్లలూ పెద్దలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. తుపాను అంటే తీరం వాళ్ల కష్టమనుకునే అలవాటు మనం మానుకోవాలి. హెచ్చరిక వచ్చిందంటే గెడ్డ ఒడ్డున, కొండ వాలు కింద ఉన్న ఇళ్లవాళ్లను ముందుగా కదిలించండి. ఫోను చేతిలో ఉన్నవాళ్లు మీరే కాబట్టి ఆ పని మీదే.

ఇల్లు కూలితే ఏడాదిలో లేపుకోవచ్చు. చెట్టు అలా కాదు. జీడిమొక్క నాటితే కాపు మొదలవడానికి మూడు నాలుగేళ్లు, నిండు కాపుకు ఎనిమిది పదేళ్లు. అందాకా ఏం తింటాం? విశాఖ, చెన్నై, హైదరాబాదు పనులకు బండెక్కుతాం. తీరం వాళ్లు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. అదే ఏడాది నవంబరులో అలా వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర మన నేల తొక్కలేదు. సొంత ఊళ్లో బతుకు చాలకపోతే మనిషి ఎంత దూరం పోతాడో చూడండి.

గాలి అందరి చెట్లనూ ఒకేలా పడగొట్టింది. తర్వాత అందరికీ ఒకేలా జరగలేదు. నష్టం రాసేటప్పుడు అడిగే మొదటి మాట ‘ఈ నేల ఎవరి పేరున ఉంది?’ అని. పట్టా ఉన్నవాడు కాగితం తెచ్చాడు. తాతల నాటి పోడులో తోట వేసుకున్నవాడు పడిన చెట్టును చూపించాడు. చెట్టును చూపిస్తే చాలదు.

మెళియాపుట్టి, మందస, పాతపట్నం వైపు మన పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అందువల్ల 1/70 చట్టం రక్షణ వాటికి అందదు. కానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబం ఎక్కడున్నా నాలుగు హెక్టార్ల వరకు, అంటే దాదాపు పదెకరాల వరకు హక్కు అడగవచ్చు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. అది పిల్లలకు వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. రెండు ఆధారాలు కావాలి. వేసిన గట్టు, కట్టిన ఇల్లు ఆధారమే. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ ఆధారమే. దరఖాస్తు కొట్టేస్తే కారణం రాసి ఇవ్వాలి. 60 రోజుల్లోగా పై కమిటీకి వెళ్లవచ్చు.

ఇందులో మీకొక తొందర ఉంది. ఏ గట్టు ఎవరు వేశారో, ఏ తోట ఎప్పుడు పెట్టారో కళ్లారా చూసినవాళ్లు ముసలివాళ్లయిపోయారు. వాళ్లు పోతే ఆ ఆధారమూ పోతుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతనూ అవ్వనూ తోటలోకి తీసుకెళ్లండి. హద్దులు నడవండి. వాళ్లు చెప్పింది తేదీ వేసి రాయండి, వేలిముద్ర వేయించండి, గ్రామసభలో చదివి వినిపించండి. ఇప్పటికే పట్టా ఉంటే అందులో పేర్లు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

మన సవర మాటకు రాత కావాలని 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి మన వాళ్ల దగ్గర కూర్చుని సవర నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. వాళ్లు ఆ పని చేసినప్పుడు మన పల్లెల్లో చదువుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఈవేళ ఈ హాలు నిండా డిగ్రీ పిల్లలే ఉన్నారు. మాట బతకడానికి రాత కావాల్సినట్టే నేల నిలవడానికీ కావాలి.

ఈ తీరానికి మళ్లీ తుపాను రాదని ఎవరూ చెప్పలేరు. అది వచ్చేలోగా మీ ఊరికి ఒక పుస్తకం ఉండాలి. ఇంటింటి పేరు, నేల, చెట్ల లెక్క అందులో ఉండాలి. వచ్చే సమావేశానికి ఒక్కో ఊరి పిల్లలు ఆ పుస్తకంతో రండి. మనం కలిసి కూర్చుని చూద్దాం, తప్పులుంటే దిద్దుకుందాం.

జై ఆదివాసీ.