ఒకరి లాగిన్ ఇంకొకరు వాడితే

(వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)

 నాకు మైకు ముందు మాట్లాడటం పెద్దగా అలవాటు లేదు. పదో తరగతి వరకే చదువుకున్నాను. కంప్యూటర్ గురించి చెప్పమంటే ముందు వద్దన్నాను. కానీ మా దగ్గర జరిగింది ఇంకో సంఘంలో జరగకూడదని ఒప్పుకున్నాను. తప్పు నాదే కాబట్టి దాచకుండా చెప్తాను.

మా ఊళ్లో మూడు సంఘాల వాళ్లం కలిసి కారం, పసుపు, పచ్చళ్లు చేసి అమ్ముతాం. మన గంపలగూడెం మండలంలో మిర్చికీ మామిడికీ కొదవ లేదు కదా. తిరువూరు, మధిర కొట్లకు వేస్తాం. మొదట్లో లెక్కలన్నీ నోటు పుస్తకంలోనే రాసేవాళ్లం. సరుకు పెరిగాక ఏడాదికోసారి డబ్బు కట్టే బిల్లుల సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాం. ఎవరి ఫోన్లో చూసినా ఒకటే లెక్క కనపడుతుంది. సరుకు ఎంత పోయింది, ఏ కొట్టు వాళ్లు ఎంత బాకీ, అన్నీ అందులోనే.

మేము కట్టిన డబ్బుకి 5 సీట్లు ఇచ్చారు. సీటంటే కుర్చీ కాదు. అయిదుగురి పేర్ల మీద అయిదు లాగిన్లు, అంతే. ఆరో మనిషి లోపలికి రావాలంటే ఇంకా డబ్బు కట్టాలి. తిరువూరు బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, అలాంటిదే. వేసినావిడ మధ్యలో దిగిపోయినా కర్చీఫ్ తియ్యకపోతే ఆ సీటులో ఎవరూ కూర్చోరు. పక్కన మనం నిలబడే ఉంటాం. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇట్లా పేర్లే లెక్కపెట్టవు. కొన్నింట్లో ఒకేసారి ఎంతమంది లోపల ఉన్నారన్నది లెక్క. మనం డబ్బు కట్టకుండా వాడే జూమ్ మీటింగు అట్లాంటిది, 100 మంది దాకా, 40 నిమిషాలు. వాట్సాప్ గ్రూపుకైతే 1024 మంది. కొనే ముందు మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి. మేము అడగలేదు.

అసలు సీట్ల లెక్క మనకు కొత్తేమీ కాదు. సంఘంలో 20 మందికి మించి ఎందుకు ఉండకూడదంటారో తెలుసా? 1956 నాటి కంపెనీల చట్టంలో, రిజిస్ట్రేషన్ లేకుండా 20 మందికి మించి కలిసి వ్యాపారం చెయ్యకూడదని ఉండేది. అందుకే నాబార్డు వాళ్లు సంఘాన్ని 20 లోపే పెట్టమన్నారు. నాకు ఇది శిక్షణలో చెప్పారు. అప్పుడు నిద్రొచ్చింది, ఇప్పుడు పనికొచ్చింది.

మా అయిదు సీట్లలో మొదటిది మా మరిదిది. సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అతనే, అందుకని అతని ఫోన్ నంబరు, అతని మెయిల్ ఇచ్చాం. రెండోది నాది. మూడోది సరుకు గది చూసే అక్కది. నాలుగోది కొట్లకు బిల్లులు వేసే అక్కది. అయిదోది మా రెండో లీడరుది. ఆమె ఒక్క బిల్లు కూడా వెయ్యదు, ఆదివారం పూట ఒకసారి తెరిచి చూసుకుంటుంది, అంతే.

బిల్లులు వేసే అక్క కుటుంబంతో ఖమ్మం వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఇంటర్ చదివిన ఒక అమ్మాయిని పెట్టుకున్నాం. సీటు లేదు. ఇంకో సీటు కొనాలంటే డబ్బు దండగ అనిపించింది. "ఖమ్మం అక్క లాగిన్ ఉందిగా, దాంతోనే వేసెయ్" అని పాస్‌వర్డ్ నేనే చెప్పాను. పైగా మర్చిపోకుండా గోడ క్యాలెండరు వెనక రాసి పెట్టాను. ఖమ్మం అక్కకి ఒక్క మాటైనా చెప్పలేదు.

ఆరు నెలలు బాగానే నడిచింది. ఏడాది లెక్కలు చూసే రోజున 14,400 రూపాయలు తేడా వచ్చింది. 36 కిలోల కారం, కిలో 400 లెక్కన, నగదు ముట్టినట్టు బిల్లు ఉంది. పెట్టెలో డబ్బు లేదు. ఆ బిల్లు ఎవరు వేశారని చూస్తే తెర మీద ఖమ్మం అక్క పేరు కనపడింది. నలుగురూ అదే చూశారు. "వెళ్లిపోతూ పోతూ చేసిందా?" అని ఒకరు, "ఫోన్లో ఇంకా వాడుతోందేమో" అని ఒకరు. ఆ అమ్మాయి భయంతో నోరు విప్పలేదు. నేను కూడా ఆ లాగిన్ నేనే ఇచ్చానని వెంటనే చెప్పలేదు అక్కా. ఒక రాత్రి గడిచాక చెప్పాను. ఆ ఒక్క రాత్రిలో ఊరంతా పాకిపోయింది.

పొద్దున్నే ఆమెకు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి బస్సెక్కి వచ్చేసింది. చేతిలో పాత నోటు పుస్తకం, తను ఉన్న రోజుల్లో వేసిన ప్రతి బిల్లూ అందులో రాసుకుంది. "నా పేరు మీద ఎవరు రాశారో నాకు చూపించండి" అంది. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లు ఇచ్చినా తాగలేదు.

అప్పుడు ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఆ సరుకు తిరువూరులో ఒక కొట్టుకి ఉద్దెర మీద వేసింది. బిల్లులో 'ఉద్దెర' అని నొక్కాల్సింది 'నగదు' అని నొక్కింది. కొట్టాయన సంతకం పెట్టిన చీటీ ఆమె సంచిలోనే దొరికింది. వారం తిరక్కుండా డబ్బు వచ్చేసింది. దొంగతనం లేదు, ఏమీ లేదు. ఒక్క నొక్కుడు తప్పు. ఎవరి లాగిన్‌తో వాళ్లే వేసి ఉంటే అయిదు నిమిషాల్లో ఆ అమ్మాయినే అడిగేవాళ్లం, తేలిపోయేది.

బ్యాంకు దగ్గర మనం ఇట్లా చేస్తామా? సంఘం లీడరు మారితే తీర్మానం రాస్తాం, అందరం సంతకాలు పెడతాం, బ్యాంకుకి పోయి పాత లీడరు సంతకం తీయించి కొత్త సంతకం ఇస్తాం. ఆ పని అయ్యేదాకా పాత లీడరు చెక్కు మీద కొత్తావిడ సంతకం పెట్టదు. అదే కంప్యూటర్‌కి వచ్చేసరికి మనకి పట్టదు. మన పొదుపులు, అప్పులు కూడా ఇప్పుడు లోకోస్‌లోకి ఎక్కుతున్నాయి. మీ వీఓఏ పనిలో ఉండి తన ఫోను ఇంకొకరికి ఇచ్చి "నువ్వు ఎక్కించు" అంటే ఊరుకోకండి. తప్పు పడితే ఆమె మెడకే చుట్టుకుంటుంది, పాపం.

ఆ రోజు ఖమ్మం అక్క "నా పేరు తుడిచెయ్యండి" అంది. తుడిచెయ్యబోతే మా సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక చూపించింది, ఆమె వేసిన పాత బిల్లులన్నీ పేరు లేకుండా పోతాయని. ఇంకో దారి ఉంది, లాగిన్ ఆపెయ్యటం. ఆపేస్తే ఆమె లోపలికి రాలేదు, సీటు ఖాళీ అవుతుంది, పాత బిల్లుల మీద పేరు మాత్రం ఉంటుంది. ఆమెకు అదే చెప్పాను. కాసేపు ఆలోచించి "నేను చేసినదానికి ఉంచండి" అంది. సరే ఆపేద్దామని చూస్తే ఆపే అధికారం మొదటి సీటుకే ఉంది. మా మరిది హైదరాబాదులో డ్యూటీలో ఉన్నాడు. ఓటీపీ అతని ఫోనుకి పోయింది. సాయంత్రం ఆరింటిదాకా ఆ అక్క అట్లాగే నిలబడింది.

అందుకని ముందు సంఘం పేరు మీద ఒక మెయిల్, ఒక సిమ్ తీసుకున్నాం. మొదటి సీటు దాని మీదకు మార్చాం. ఆ ఫోను బీరువాలో ఉంటుంది, మనుషుల్ని చేర్చటానికీ తీయటానికీ తప్ప వాడం, అదీ కోశాధికారి, నేను ఇద్దరం ఉంటేనే. ఆ సిమ్‌కి రీచార్జి మర్చిపోకండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు ఆపెయ్యొచ్చు, తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. అప్పుడు మన ఓటీపీ ముక్కూ మొహం తెలియని వాళ్ల ఫోనుకి పోతుంది.

ఆ అమ్మాయికి తన పేరుతోనే సీటు ఇచ్చాం. తను వేసిన బిల్లు తను చెరపలేదు, నాకు చెప్పాలి. నేను సరిచేసింది కోశాధికారి చూస్తుంది. రెండో లీడరుకి ప్రతి శనివారం రిపోర్టు వాట్సాప్‌లో పంపుతున్నాం. మొదట అలిగింది, "నా సీటు తీసేస్తారా" అని. ఇప్పుడు అదే సుఖంగా ఉందంటోంది, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ తప్పింది. చివరికి లెక్క చూస్తే ఆరో సీటు కొనాల్సిన పనే లేదు, అయిదులోనే ఒకటి మిగిలింది! ఎవరైనా మానేస్తే ఆ మీటింగులోనే లాగిన్ ఆపాలని తీర్మానం రాసుకున్నాం. మూడు నెలలకోసారి పేర్ల జాబితా చదువుతాం, హాజరు పిలిచినట్టు. క్యాలెండరు వెనక రాసిన పాస్‌వర్డ్ మార్చి, ఆ కాగితం చించేశాం.

ఆ అక్క తప్పేమీ లేదని, లాగిన్ ఇచ్చింది నేనేనని మినిట్స్ పుస్తకంలో రాసి మూడు సంఘాల్లోనూ నేనే చదివాను. ఆ పేజీ ఫోటో ఆమెకు పంపాను. రెండు నెలలు జవాబు రాలేదు. మొన్న ఫోన్ చేసింది. మామిడికాయల కాలానికి పుట్టింటికి వస్తాను, ఆవకాయ కలపటానికి సాయం పడతాను, కంప్యూటర్ జోలికి మాత్రం రాను అంది. అయిదో సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.