సంతకమునకు ముందు అడుగవలసిన మాటలు

(కూసుమంచిలో సంఘస్థుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



క్యాన్సర్ అను పేరు వినగానే మన యిండ్లలో రెండు విధములైన మాటలు పుట్టును. "డాక్టరుగారు ఏ కాగితం మీద పెట్టమంటే దాని మీద వేలిముద్ర పెడదాం" అని కొందరందురు. "పెద్దాసుపత్రికి పోతే మన మీద కొత్త మందులు పరీక్ష చేస్తారంట" అని మరికొందరు భయపడుదురు. ఈ రెంటికి నడుమనున్న దారిని గూర్చి నేడు మాటలాడగోరుచున్నాను. ఇందుకు ఉదాహరణము దూరదేశమునుండి తేనక్కరలేదు. మన ఖమ్మం జిల్లాలోనే ఉన్నది.

ముందుగా, ఒక మందు పనిచేయునని ఎట్లు తెలియును? మిరప రైతుకు ఇది చెప్పనక్కరలేదు. కొత్త విత్తనము మంచిదో కాదో తెలియవలెనంటే ఒకే చేనిలో, ఒకే ఎరువుతో, పాతదానిని కొత్తదానిని పక్కపక్కన వేసి చూడవలెను. వైద్యులును అట్లే చేయుదురు. మొదట కొద్దిమందికి మాత్రమే ఇచ్చి, ఎంత మోతాదును దేహము తట్టుకొనునో చూచెదరు. తరువాత రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు ఇప్పుడున్న మంచి వైద్యమును, రెండవ గుంపునకు కొత్త వైద్యమును ఇచ్చి, ఎందరు బాగుపడిరో, ఎందరికి హాని కలిగెనో ఏండ్ల తరబడి లెక్కించెదరు. ఒక్కరు బాగుపడినందున మందు మంచిదని గాని, ఒక్కరికి వికటించినందున చెడ్డదని గాని తీర్పు చెప్పుటకు వీలులేదు.

ఇక మన జిల్లా సంగతికి వచ్చెదను. స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణమని చూపిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించెను. అప్పటికే ఆ వైరసును అడ్డగించు టీకా వచ్చియున్నది. 2009 జూలైలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు ఈ టీకా వేయసాగిరి. సుమారు 14 వేలమంది బాలికలకు వేసిరి. వారిలో అనేకులు ఆశ్రమ పాఠశాలలలోను వసతి గృహములలోను ఉండి చదువుకొనుచున్న బీదల బిడ్డలు.

గుజరాతులోని వడోదరలోను ఇట్టి కార్యక్రమమే జరిగెను. రెండుచోట్లను కలిపి ఏడుగురు బాలికలు మరణించిరని తెలిసి పెద్ద కలవరము పుట్టెను. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము దానిని ఆపివేసెను. విచారణ సంఘము చూడగా ఒక బాలిక నీటిలో మునిగి, ఒకతె పాము కాటువలన, ఇద్దరు పురుగుమందు త్రాగి, ఒకతె మలేరియావలన మరణించినట్లు తేలెను. మిగిలిన ఇద్దరి సంగతి అంత స్పష్టముగా తేలలేదు గాని, ఈ మరణములకు టీకా కారణమై యుండుట అసంభావ్యమని వారు చెప్పిరి. సూది తరువాత జరిగినదంతయు సూదివలన జరిగినది కాదని మనము గ్రహింపవలెను.

అయితే అంతటితో తీరలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన నివేదికలో కఠినముగా మాటలాడెను. ఆంధ్రప్రదేశ్‌లో చూచిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 పత్రముల మీద వేలిముద్రలే ఉన్నవి. 2,763 పత్రముల మీద తల్లిదండ్రులకు మారుగా హాస్టలు వార్డెనులే సంతకములు చేసిరి. దుష్ఫలితములను కనిపెట్టి వ్రాసికొను ఏర్పాటును సరిగా లేదు. టీకా మంచిదా కాదా అనునది ఒక ప్రశ్న. బిడ్డను కన్నవారికి చెప్పిరా లేదా అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి మంచి జవాబు వచ్చినంత మాత్రమున రెండవదాని తప్పు తొలగిపోదు. అట్లే రెండవదానిలో తప్పు జరిగినందున మందు విషమని అనుటకును వీలులేదు.

తరువాత జరిగినది వినుడి. అదే కాలమున దేశములో వేరొక పరిశోధన జరుగుచుండెను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థవారు సుమారు 17,700 మంది బాలికలను చేర్చుకొని, రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా అని చూచుచుండిరి. 2010లో వచ్చిన ఆజ్ఞవలన అదియు నిలిచిపోయి, సుమారు 5 వేలమందికి ఒక్క మోతాదే అందెను. పరిశోధకులు వారిని విడిచిపెట్టక పదేండ్లు కనిపెట్టి చూచిరి. వైరసు దేహములో నిలిచిపోకుండ ఒక్క మోతాదే సుమారు 95 శాతము కాపాడినట్లు 2021లో ప్రకటించిరి. ఇట్టి ఆధారములను బట్టి 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు కూడ చాలునని అంగీకరించెను. పన్నెండు పదమూడేండ్ల ప్రాయమున ఈ టీకా పొందిన స్కాట్లండ్ బాలికలలో ఆ క్యాన్సరు ఒక్కరికిని కనబడలేదని 2024లో తెలిసెను.

"ఆ సూదా? మా పిల్లకొద్దు" అను మాట మన ప్రాంతములో వినుచున్నాను. ఆ తల్లుల భయమునకు కారణమున్నది. వారిని ఎవరును అడుగలేదు గనుక. కాని ఆ భయముతోనే నేటి ఆడపిల్లల కాపుదలను పోగొట్టుకొనరాదు. ఈ టీకా అప్పటికే పట్టిన జబ్బును నయము చేయదు. గనుక ముప్పది దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకొనుట మానరాదు.

క్యాన్సరు రోగులుగా మీలో ఎవరినైనను పరిశోధనలో చేరుమని అడిగినయెడల ఈ మాటలు అడుగుడి. ఇది అందరికిచ్చు వైద్యమా, పరిశోధనయా? నైతిక సంఘము దీనిని ఆమోదించినదా? ఇప్పుడున్న వైద్యము ఏది, కొత్తదానివలన మేలేమి, కీడేమి? హాని కలిగిన ఖర్చెవరిది? 2019 నాటి నియమముల ప్రకారము కొత్త మందు పరీక్షలో హాని కలిగినవారికి ఉచిత వైద్యము చేయవలెను, ఆ పరీక్షయే కారణమైనచో నష్టపరిహారమును ఇయ్యవలెను. ఎప్పుడు కావలసిన అప్పుడు తప్పుకొనవచ్చును. తప్పుకొన్నందున మామూలు వైద్యము ఆపరాదు. చదువురానివారు వేలిముద్ర వేయునప్పుడు పరిశోధనతో సంబంధములేని సాక్షి పక్కన ఉండవలెను. పసిబిడ్డలకు తల్లిదండ్రులో చట్టము ఒప్పుకొను సంరక్షకులో సమ్మతి ఇయ్యవలెను. ఏడేండ్లు దాటిన బిడ్డ ఇష్టమును కూడ అడుగవలెను.

చదువుకొన్న యౌవనస్థులారా, మీకొక మనవి. మన సంఘములోని వృద్ధులు ఖమ్మముకో హైదరాబాదుకో వైద్యమునకు పోవునప్పుడు ఒకరు తోడు వెళ్లుడి. అక్కడి కాగితమును తెలుగులో చదివి వినిపించుడి. నకలొకటి అడిగి ఇంటికి తెండి. పిల్లలను హాస్టలులో ఉంచిన తల్లిదండ్రులారా, మీ ఫోను నంబరు వార్డెనుగారికిచ్చి, సూదియైనను మాత్రయైనను మాకు చెప్పి వేయుడని మర్యాదగా అడిగి రండి.