యల్లాప్రగడవారి ఆడపడుచు — ర్యాపు పాట

రామకుప్పము శ్రోతలు కొందరు ఇటీవల మాకొక లేఖ వ్రాసినారు. రేడియోలో అప్పుడప్పుడు వినవచ్చు ర్యాపు అను దానిలో గబగబ మాటలు తప్ప రాగము లేదనియు, భావము లేదనియు, దానిని పాట యనుట యెట్లనియు వారి ఆక్షేపణ. పైగా అట్లు పాడువారిలో ఒకరు మన తెలుగుపిల్ల యని మేము చెప్పితిమట. ఏ ఊరి తెలుగు అని అడిగినారు. ప్రశ్న కొంత ఘాటుగనే యున్నది. అయినను న్యాయమైనది.

నిజమునకు ఆ ప్రాంతమువారికి ఈ విద్యను పరిచయము చేయుట అంత కష్టము కాదు. కుప్పము, పుంగనూరు, మదనపల్లె సీమలలో ఊరూర భారతము జరుగును గదా! పగలు హరికథ, రాత్రి వీధినాటకము. కథ యుద్ధఘట్టమునకు వచ్చునప్పటికి హరిదాసు రాగమును పక్కకు పెట్టి, చిడతల లయపై మాటలను ఉరికించును. ఊపిరి తీయుటకు చోటుండదు. పాట ఆగిపోయినదని అప్పుడెవరైన లేచిపోవుదురా? ర్యాపునకు మూలసూత్రము అదియే. ఇందు స్వరముకంటె అక్షరము ముఖ్యము. ఆ అక్షరము తాళములో ఎక్కడ పడినదన్నది మరింత ముఖ్యము.

దీని పుట్టినిల్లు న్యూయార్కు నగరములోని బ్రాంక్సు పేట. 1973 ఆగస్టు 11వ తేదీన కూల్ హెర్క్ అను యువకుడు, తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో గ్రామఫోను రికార్డులు వేసినాడు. పాటలో గానమాగి మద్దెల మాత్రమే మ్రోగు ఘట్టమును రెండు యంత్రములపై మరల మరల త్రిప్పి సాగదీయుట అతని నేర్పు. ఆ మద్దెలపై మాటలు చేరినవి. హిప్‌హాప్ చరిత్రకారులు ఆ రాత్రినే ఆరంభముగా చెప్పుదురు.

ఆ విద్య సముద్రము దాటి బ్రిటనుకు చేరిన పిమ్మట అక్కడి స్త్రీలు దానిని ఏమి చేసిరో చూడవలెను. 2002లో మిస్ డైనమైట్, 2009లో స్పీచ్ డెబెల్, 2022లో లిటిల్ సిమ్జ్, ఈ ముగ్గురును ఆ దేశపు మెర్క్యురీ బహుమానమును అందుకొన్నవారే. వీరికంటె మనకు చేరువైనది ఎం.ఐ.ఏ. అసలు పేరు మాతంగి అరుళ్‌ప్రగాసం. 1975లో లండనులో పుట్టి, శైశవములోనే జాఫ్నా చేరి, యుద్ధము కారణముగా కొంతకాలము మద్రాసులో తలదాచుకొని, 1986లో తల్లితో శరణార్థిగా మరల లండను చేరినది. 2005లో వచ్చిన తొలి ఆల్బమునకు తండ్రి పేరు, 2007లో వచ్చిన రెండవదానికి తల్లి పేరు పెట్టినది. ఆ రెండవదానిలో మ్రోగు ఉరుమి, మన రాయలసీమ ఉరుములకు తోబుట్టువు. ‘పేపర్ ప్లేన్స్’ అను ఆమె పాటలో, కాందిశీకుని చూడగానే లోకమునకు కలుగు అనుమానమే వస్తువు. ర్యాపులో భావము లేదన్నవారికి మేము చూపదగిన పాట అది.

ఇక మన పిల్ల. రాజా కుమారి అను పేరుతో లోకమెరిగిన ఈమె అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. 1986 జనవరి 11న అమెరికాలో, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో, తెలుగు తలిదండ్రులకు జన్మించినది. కనుక ‘ఏ ఊరి తెలుగు’ అన్న ప్రశ్నకు మా సమాధానము: ఇంటి తెలుగు. ఊరు అమెరికాది. బాల్యమునుండి కూచిపూడి, భరతనాట్యము, కథక్ అభ్యసించినది. కాలికి గజ్జె కట్టిన పిల్ల చెవికి, బడియీడులో, ఫ్యూజీస్ అను బృందము 1996లో వెలువరించిన ‘ది స్కోర్’ ఆల్బము సోకినది. అప్పటినుండి ఆమెకు రెండు గురుకులములు.

ఈ రెండును ఎట్లు కలిసినవో తెలియుటకు నట్టువాంగమును స్మరింపుడు. గురువు తాళము పట్టి ‘తకిట తకధిమి’ యని జతులు పలుకును. వానికి అర్థము లేదు, నడక కలదు. మూడక్షరముల నడకనుండి నాలుగింటికి, నాలుగింటినుండి అయిదింటికి మారుచు, అంతము మాత్రము సమమున తప్పక పడవలెను. పదేండ్లు ఈ సాధన చేసిన నాలుకకు ఆంగ్లపదము నిచ్చిన నేమగును? ఆ పదమును కూడ జతివలె విరిచి పలుకును. తన ర్యాపునకు నాట్యమే పునాది యని ఆమె పలుమార్లు చెప్పియున్నది. చెవి యొగ్గి వినువారికి ఆ మాట చెప్పనక్కరయే లేదు.

అయితే దారి సులభముగా తెరచుకొనలేదు. మొదట ఆమె ఇతరులకు పాటలు వ్రాసినది. ఫాల్ ఔట్ బాయ్ బృందము 2014లో పాడిన ‘సెంచురీస్’ రచయితలలో ఆమె యొకతె. ఆ పాట అమెరికాలో ఆటల ప్రసారములలో మారుమ్రోగినది. 2016లో దానికి బి.ఎం.ఐ. సంస్థ పురస్కారము లభించినది. అందరు పాడుకొను పాటను వ్రాసియు, తన గొంతు ఎవరికిని తెలియక యుండుట ఎట్టి స్థితియో మన సినిమాకవులను అడిగిన చెప్పుదురు.

2016లో ‘ది కమ్ అప్’ అను చిన్న సంపుటి వచ్చినది. మరుసటి యేట ముంబయి గాయకుడు డివైన్‌తో కలిసి పాడిన ‘సిటీ స్లమ్స్’ ఆమెను ఈ దేశమునకు తెచ్చినది. 2018లో ఆ ఇద్దరే ‘రూట్స్’ పాడిరి. 2019లో దూరదర్శనిలో ర్యాపు పోటీకి ఆమె న్యాయనిర్ణేత. సినిమాలును వచ్చినవి: 2018లో ‘జీరో’, 2023లో ‘జవాన్’. సినిమాలో ఈమెకు దక్కు చోటు, నాయకుని రాకకు మేళము వాయించు చోటు. ఆమె శక్తికి అది చాలదని మా అభిప్రాయము. ఆమెను ఎరుగగోరువారు ‘సిటీ స్లమ్స్’తో ఆరంభించుట మేలు. నగలు, బొట్టు, వేషము గురించి కొందరు విమర్శించుచుందురు. రేడియోవారికి ఆ బాధ లేదు!

అమెరికాలో ఆమె భారతీయురాలు, భారతదేశములో ఆమె అమెరికనమ్మాయి. 2020లో వెలువడిన ‘ఎన్.ఆర్.ఐ.’ అను పాటలో ఈ గోడును ఆమె తానే విప్పినది. మన ఇండ్లలో అమెరికాలో మనుమలున్నవారు ఆ పాటను ఒకసారి వినవలెను. వేసవి సెలవులకు వచ్చి మూలగదిలో మౌనముగా కూర్చుండు పిల్లల మాట అందు కొంత దొరకును.

మాకొక కొరతయు కలదు. ఆమె పాటలలో ఆంగ్లమే ప్రధానము, పిమ్మట హిందీ. తెలుగు అక్షరము ఈ లయకు ఎంత ఒదుగునో బుర్రకథ విన్నవారికి తెలియును. ఆ పనిని ఆమె ఇంకను పూనుకొని చేయవలసియే యున్నది.

2022లో ఆమె గాడ్‌మదర్ రికార్డ్స్ అను సొంత సంస్థను స్థాపించి, 2023లో ‘ది బ్రిడ్జ్’ అను ఆల్బమును దాని ద్వారానే విడుదల చేసినది. పాట తనది, దానిపై హక్కు తనది. ఒకప్పుడు పరుల పాటలకు వ్రాసియిచ్చిన మనిషి ఇంతదూరము వచ్చుటకు సుమారు ఎనిమిదేండ్లు పట్టినవి.

2024లో ‘ఆర్కేన్’ అను చిత్రకథామాలికకై ఆమె పాడిన ‘రెనెగేడ్’ పాటలో తోడుగా ఇద్దరు స్త్రీలున్నారు. ఒకరు జరీనా డి మార్కో. రెండవవారు స్టెఫ్లాన్ డాన్: జమైకా తలిదండ్రులకు బర్మింగ్‌హాములో పుట్టి, హాలెండులో పెరిగి, లండను చేరిన బ్రిటిషు ర్యాపు గాయని. పాటను మొదటిసారి వినునప్పుడు ఎవరెవరు ఎక్కడ పాడుచున్నారో చూడకుండ వినుడు. జతి నడక వినబడిన చోట మన అమ్మాయి యున్నదని గుర్తుపట్టగలరేమో, రామకుప్పము శ్రోతలు మాకు మరల వ్రాయవచ్చును.